చేతికొచ్చే జీతమెంత, కట్టాల్సిన వాయిదా ఎంత?

ఇంటర్ ఫలితాలు వచ్చి వారం తిరక్కుండానే శ్రీకాకుళం, విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సుల చుట్టూ కాలేజీ బ్యానర్లు వేలాడతాయి. టూరిజం, రిసార్టు నిర్వహణ, రిక్రియేషన్ మేనేజ్‌మెంట్ డిగ్రీలకూ అందులో చోటు దొరుకుతోంది. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి సీటు అమ్మడం తేలికైంది. బ్యానర్ అడుగున ‘బ్యాంకు రుణ సౌకర్యం కలదు’ అనే ముక్క ఉంటుంది. మా పేచీ ఆ ముక్కతోనే.

చదువును తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. కళింగపట్నం, బారువ తీరాలు, శాలిహుండం, తేలినీలాపురం పక్షులు, తాటిపూడి జలాశయం, రథసప్తమినాటి అరసవల్లి, సిరిమానోత్సవం నాటి విజయనగరం... వచ్చే జనాన్ని జాగ్రత్తగా చూసుకోవడం తెలిసిన మనుషులు ఈ రెండు జిల్లాలకు నిజంగా అవసరం. కానీ అవసరం ఉన్నచోటల్లా జీతం ఉండదు. అప్పు మాత్రం జీతం వచ్చినా రాకపోయినా వడ్డీతో పెరుగుతుంది.

లెక్క వేసి చూద్దాం. మూడేళ్ల కోర్సుకు ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 2 లక్షలు, మొత్తం 6 లక్షలు బ్యాంకు ఇచ్చిందనుకుందాం. వడ్డీ 10 శాతం. చదివే మూడేళ్లూ, ఆపై ఏడాదీ వాయిదా కట్టనక్కర్లేదు. దీన్నే మారటోరియం అంటారు. వాయిదా లేదంటే వడ్డీ కూడా లేదనుకునే తల్లిదండ్రులు ఎందరో. మొదటి 2 లక్షల మీద నాలుగేళ్లకు 80 వేలు, రెండో విడత మీద మూడేళ్లకు 60 వేలు, మూడో విడత మీద రెండేళ్లకు 40 వేలు పడుతుంది. బారు వడ్డీ అయినా 1,80,000. వాయిదాలు మొదలయ్యే రోజుకు బాకీ 7,80,000. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 10,308 రూపాయలు. పదిహేనేళ్లకు సాగదీస్తే 8,382కు తగ్గుతుంది, కట్టే మొత్తం మాత్రం 15 లక్షలు దాటిపోతుంది.

ఇప్పుడు ఈ వాయిదా పక్కన ఉద్యోగ పత్రాన్ని ఉంచి చూడండి. ‘ఏడాదికి 2,40,300 ప్యాకేజీ’ అని ఉందనుకోండి. పన్నెండుతో భాగించి నెలకు 20 వేలు అని సంబరపడతారు. అందులో యజమాని కట్టే పీఎఫ్ (భవిష్య నిధి) 1,440, ఈఎస్ఐ (ఆరోగ్య బీమా) 585 కూడా కలిసి ఉన్నాయి. తీసేస్తే 18 వేలు. మూలవేతనం 12 వేలైతే ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 1,440 పోతుంది. ఈఎస్ఐ 135, వృత్తి పన్ను 150. చేతికొచ్చేది 16,275. విశాఖలో గది వాటా, బస్సు, ఫోను, డ్యూటీ లేని పూట తిండి కలిపి 6 వేలతో సర్దుకున్నా మిగిలేది 10,275. వాయిదాకు 33 రూపాయలు తక్కువ! ఇంటికి పంపడానికి ఏమీ లేదు, జ్వరమొస్తే మాత్రకూ లేదు.

ప్యాకేజీలో, ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా కలిపి చూపితే చేతికొచ్చేది ఇంకా తగ్గుతుంది. అందుకే కాలేజీని అడగాల్సింది ప్యాకేజీ ఎంతని కాదు. పోయినేడు చేరిన పిల్లల మొదటి నెల జీతం చీటీ చూపమనాలి, పేర్లు కొట్టేసైనా సరే. ఎందరు చేరారు, ఏడాది తర్వాత ఎందరు మిగిలారు అనేది రెండో ప్రశ్న. వారాంతాలు, పండగలు, రాత్రి షిఫ్టులు ఉండే ఈ రంగంలో నిలబడటం కూడా ఒక అర్హతే.

మరి ఎంత అప్పు చేయవచ్చు? చేతికొచ్చే జీతంలో పావు వంతుకు మించి వాయిదాకు పోకూడదన్నది మా లెక్క. 16,275లో పావు దాదాపు 4,070. పదేళ్ల గడువుకు ఆ వాయిదా మోయగల బాకీ 3,08,000. మారటోరియం వడ్డీ తీసేస్తే, మొదట్లో తీసుకోదగిన అప్పు సుమారు 2,35,000. ఆరు లక్షలకూ దీనికీ ఉన్న తేడాను ఎవరు భరిస్తారో దరఖాస్తుకు ముందే ఇంట్లో తేలాలి. జీడి తోట తాకట్టు పెట్టో, నూటికి రెండు రూపాయల వడ్డీకో ఆ తేడా పూడ్చే కుటుంబాలు ఉద్దానంలోనూ ఉన్నాయి, బొబ్బిలి వైపూ ఉన్నాయి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఆ దారి వద్దే వద్దు.

భారం తగ్గించే మార్గాలు లేకపోలేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపుంటే, గుర్తింపు ఉన్న సంస్థలో వృత్తి, సాంకేతిక కోర్సులకు మారటోరియం కాలపు వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. పై ఉదాహరణలో అది 1,80,000 తగ్గినట్టే. వాయిదా 7,929కి దిగుతుంది. మనం చేరే కోర్సు ఆ జాబితాలోకి వస్తుందా లేదా అన్నది మేనేజరు నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆదాయ ధ్రువపత్రం సకాలంలో ఇవ్వకపోతే రాయితీ చేజారుతుంది. చదువు మధ్యలో మానేసినా అంతే. రాయితీ రానివారు చదివేటప్పుడే వడ్డీ కట్టుకుంటూ పోతే మంచిది. మొదటి ఏడాది నెలకు 1,667, రెండో ఏడాది 3,333, ఆ తర్వాత 5 వేలు. ఇలా కట్టేవారికి బ్యాంకులు సాధారణంగా ఒక శాతం వడ్డీ తగ్గిస్తాయి. విద్యా రుణం వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు ఉందని ఊరించేవారి మాట నమ్మి లెక్క మార్చుకోవద్దు. ఈ జీతానికి అసలు పన్నే పడదు.

7.5 లక్షల లోపు అప్పుకు కేంద్రం హామీ పథకం ఉంది. దాని కిందికి వచ్చే రుణానికి పొలం కాగితాలు అడగకూడదు. అడిగితే కారణం రాసివ్వమనండి. తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం చేస్తాడు గనుక, 90 రోజులు వాయిదా తప్పితే మొండి బాకీ మచ్చ ఆయన సిబిల్‌కూ (బ్యాంకులు చూసే అప్పుల చరిత్రకూ) అంటుతుంది. మరుసటి ఖరీఫ్‌కు పంట రుణం కోసం వెళ్లినప్పుడు గానీ ఆ సంగతి ఇంట్లో తెలియదు.

విదేశీ శిక్షణ పేరిట విడిగా లక్షలు అడిగేచోట మరింత జాగ్రత్త. విదేశాల్లో ఉద్యోగం పెట్టించే ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి. సేవా రుసుము 30 వేలు, దానిపై జీఎస్టీ తప్ప ఎక్కువ తీసుకోకూడదు. ఆ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు పేరు వెతకడానికి ఐదు నిమిషాలు చాలు.

ఈ రంగమే ఇష్టమైన పిల్లలు ముందు ప్రభుత్వ సంస్థలవైపు చూడాలి. నెల్లూరులో కేంద్ర పర్యాటక శాఖ కింది పర్యాటక, ప్రయాణ నిర్వహణ విద్యా సంస్థ ఐఐటీటీఎం ఉంది. హైదరాబాద్, తిరుపతి హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థలకు జాతీయ ప్రవేశ పరీక్ష ఉంది. ఏ డిగ్రీ చదివినా సరే, గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ నేర్పే ప్రాణరక్షణ, మోటారు బోటు నడపడం వంటి పొట్టి కోర్సు ఒకటి చేతిలో ఉంటే విలువ వేరు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగాక, నీటి మీద విహారంలో శిక్షణ ఉన్న మనిషి విలువేమిటో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు.

రెండు జిల్లాల కలెక్టర్లను మేము కోరేది ఒకటే. బ్యాంకర్లతో జరిపే జిల్లా సంప్రదింపుల కమిటీ సమావేశంలో ఈ అంశాన్ని చేర్చండి. రుణ దరఖాస్తు పైపేజీలో మారటోరియం వడ్డీ, పదేళ్ల వాయిదా, కట్టాల్సిన మొత్తం తెలుగులో రాసి, తల్లిదండ్రులకు చదివి వినిపించాకే సంతకం తీసుకునేలా శాఖలను ఆదేశించండి. కాలేజీలు చేతికొచ్చే జీతాల వివరాలు నోటీసు బోర్డు మీద పెట్టాకే వాటి విద్యార్థుల దరఖాస్తులు తీసుకోమనండి. ప్రవేశాలు ముగిసేలోగా జరిగితేనే దీని వల్ల ఈ ఏటి పిల్లలకు ఉపయోగం.