మనిషి వచ్చాడు, జీతం రాలేదు

గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కార్మికుల గురించి మాట్లాడేటప్పుడు మన ప్రభుత్వాలు ఎన్ని విమానాలు నడిపామో, ఎంతమందిని క్షేమంగా తెచ్చామో లెక్క చెబుతాయి. ఆ కార్మికులకు అక్కడి కంపెనీలు ఎంత బాకీ పడ్డాయో మాత్రం చెప్పవు. చెప్పాలన్నా చెప్పలేవు, ఆ లెక్క ఎవరూ రాసుకోలేదు కాబట్టి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల్లో ఆఖరి మూడు నాలుగు నెలల జీతం, సర్వీసు డబ్బులు వదిలేసుకుని వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లదీ ఇదే గోడు. వెళ్లడానికి చేసిన అప్పుకు మాత్రం వడ్డీ ఏ నెలా ఆగదు.

అక్కడ చట్టం లేదని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు. ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లో జీతం బకాయి, గ్రాట్యుటీ అన్నీ చెల్లించాలని యూఏఈ చట్టం చెబుతోంది. సౌదీలో యజమాని తీసేస్తే వారంలో, కార్మికుడే మానేస్తే రెండు వారాల్లో లెక్క తేల్చాలి. కువైట్‌లో ఇంటి పనివారి కోసం 2015లో చేసిన చట్టం ప్రకారం చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం చేతిలో పెట్టి పంపాలి. నెలనెలా జీతం బ్యాంకులో పడుతోందా లేదా అని ప్రభుత్వమే చూసే ఏర్పాటు యూఏఈలో 2009 నుంచీ ఉంది, తర్వాత సౌదీ, ఖతర్ కూడా అదే దారి పట్టాయి. ఇవన్నీ ఉన్నా ఆఖరి లెక్క దగ్గరే మనవాళ్లు ఎందుకు ఓడిపోతున్నారు?

ఓటమి ఒక కాగితంతో మొదలవుతుంది. సెలవు మీద వెళ్లాలన్నా, పూర్తిగా వచ్చేయాలన్నా, కంపెనీ ఆఫీసులో అరబీలో రాసిన కాగితం ముందు పెడతారు. చదవడం రాదు, చదివి చెప్పేవాళ్లు ఉండరు. సంతకం పెడితేనే పాస్‌పోర్టు, టికెట్టు. అందులో 'నాకు రావాల్సినవన్నీ ముట్టాయి' అని ఉండవచ్చు. 'నేను నా ఇష్టంతో రాజీనామా చేస్తున్నాను' అని ఉండవచ్చు. ఈ రెండోదాని ఖరీదు ఎంతో చూడండి. సౌదీలో నెలకు 1,500 రియాళ్ల జీతం మీద ఎనిమిదేళ్లు పనిచేసిన మనిషిని కంపెనీ తీసేస్తే, మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, తర్వాతి మూడేళ్లకు ఏడాదికి నెల జీతం చొప్పున 8,250 రియాళ్లు రావాలి. అదే మనిషి రాజీనామా చేసినట్టు కాగితం పుడితే చట్టం ప్రకారమే అందులో మూడింట రెండు వంతులు, అంటే 5,500 రియాళ్లే వస్తాయి. రెండేళ్లు నిండకుండా రాజీనామా అయితే ఏమీ రాదు. ఒక్క సంతకంతో 2,750 రియాళ్లు, దాదాపు రెండు నెలల చెమట, ఎగిరిపోయింది. మిగిలినదైనా ఇస్తారన్న భరోసా లేదు. 'నువ్వు ఊరికి పో, డబ్బులు పంపిస్తాం' అన్న మాట నమ్మి విమానం ఎక్కినవాళ్లే ఎక్కువ.

ఒకసారి విమానం ఎక్కాక ఆ డబ్బు కోసం పోరాడటం ఎంత కష్టమో ఊళ్లో ఉండి చూస్తేనే తెలుస్తుంది. ఫోన్ చేస్తే కంపెనీవాళ్లు ఎత్తరు. అక్కడి లేబర్ కోర్టులో ఎవరైనా మన తరఫున నిలబడాలంటే పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. దానికి నోటరీ, ఆపై రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపై విదేశాంగ శాఖ ముద్ర, యూఏఈకైతే వారి కాన్సులేట్ ముద్ర కూడా, చివరికి అరబీ అనువాదం. ప్రతి మెట్టు దగ్గరా ఫీజు, హైదరాబాద్‌కు ప్రయాణం, ఓ రోజు కూలి నష్టం. ఈలోగా గడువు కరిగిపోతుంది. సౌదీలో, ఖతర్‌లో ఉద్యోగం తెగిన ఏడాదిలోపే ఫిర్యాదు చేయాలి. యూఏఈ 2024లో ఆ గడువును రెండేళ్లకు పెంచింది, అది మంచి మార్పే. కానీ గడువు ఉందన్న సంగతే తెలియనివారికి ఏడాదైనా రెండేళ్లైనా ఒకటే.

ఇంతమంది నష్టపోతున్నారని మనకు కొత్తగా తెలిసిందా? 2016లో సౌదీ ఓజర్ లాంటి పెద్ద నిర్మాణ సంస్థలు కుప్పకూలినప్పుడు వేలమంది భారతీయులు నెలల తరబడి జీతాలు లేక జెడ్డా చుట్టుపక్కల శిబిరాల్లో ఆకలితో ఉన్నారు. క్లెయిము నమోదు చేసి ఇంటికి వచ్చేయండని అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ చెప్పారు. అలాంటి కంపెనీల్లోనే చిక్కుకున్న తమ పది వేల మంది కార్మికుల జీతాల సంగతిని ఫిలిప్పీన్స్ ప్రభుత్వం ఏళ్లు గడిచినా వదల్లేదు. 2022 నవంబరులో సౌదీ యువరాజు ఫిలిప్పీన్స్ అధ్యక్షుడిని కలిసినప్పుడు ఆ బకాయిల కోసం 200 కోట్ల రియాళ్లు కేటాయిస్తున్నామని చెప్పారు. 2024లో చెక్కులు చేతికందడం మొదలైంది. ఏడెనిమిదేళ్ల క్రితం వదులుకున్న జీతం కూడా వస్తుందని దీంతో రుజువైంది. పేర్ల జాబితా చేతిలో ఉండి, ప్రభుత్వాధినేత నోరు తెరిచి అడిగితే కదలనిదంటూ లేదు.

మనకు ఆ అవకాశం 2020లో వచ్చింది. కరోనా వేళ విదేశాల్లో చిక్కుకున్నవారిని తేవడానికి మే 7న కేంద్రం మొదలుపెట్టిన వందే భారత్ మిషన్ విమానాల్లో వేలాది తెలుగువాళ్లు వచ్చారు. వాళ్లలో ఎందరికో కరోనా పేరు చెప్పి జీతం ఆపేశారు, సగం ఇచ్చారు, లేదా ఏమీ ఇవ్వకుండా ఎయిర్‌పోర్టు దగ్గర దించారు. విమానంలో సీటు కోసం పేర్లు రాసుకున్న యంత్రాంగం బకాయిలను కూడా అదే శ్రద్ధతో రాసుకుని ఉంటే ఈరోజు మన చేతిలోనూ ఓ జాబితా ఉండేది. అదే ఏడాది సెప్టెంబరులో గల్ఫ్ దేశాలకు వెళ్లేవారి కనీస జీతాన్ని కేంద్రం తగ్గించింది. వ్యతిరేకత వచ్చి, తెలంగాణ హైకోర్టుకు వ్యవహారం వెళ్లాక 2021లో ఆ ఉత్తర్వులు వెనక్కి తీసుకుంది. జీతం గురించి మనకున్న పట్టింపు అంతేనని అక్కడి యజమానులు అనుకుంటే తప్పెవరిది?

తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షలు ఇస్తోంది. హైదరాబాద్ ప్రజాభవన్‌లో వలస కార్మికుల ఫిర్యాదులు తీసుకునే ప్రవాసీ ప్రజావాణి కూడా 2024లో మొదలుపెట్టింది. వీటిని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాం. చనిపోయినవారి పరిహారం కోసం కుటుంబం పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే అక్కడి భారత దౌత్య కార్యాలయమే కేసు నడిపే పద్ధతి కూడా ఎప్పటినుంచో ఉంది. బతికి వచ్చినవాడి జీతానికి అదే పద్ధతి ఎందుకు వర్తించకూడదు? మా ప్రశ్న ఇదే, దీనికి ఢిల్లీ జవాబు చెప్పాలి.

చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే పని మానేసి పూర్తిగా వచ్చేసేవారెవరైనా విమానం ఎక్కేముందు బకాయి వివరాలు తెలుగులో రాసి, ఫోన్ నుంచే రాయబార కార్యాలయానికి పంపే వీలుండాలి. 2015లో వచ్చిన విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చంటారు గానీ, జీతం బకాయికి విడి ఫారం, గడువు ఎప్పుడు ముగుస్తుందో చెప్పే హెచ్చరిక, కేసు ఎక్కడిదాకా వచ్చిందో తెలిపే సమాచారం కావాలి. కాన్సులర్ ఫీజుల నుంచే పోగైన భారతీయ సమాజ సంక్షేమ నిధిలోంచి తిరిగొచ్చినవారి న్యాయ ఖర్చులు భరించాలి. లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు ప్రభుత్వం దగ్గర 50 లక్షల రూపాయల దాకా బ్యాంకు గ్యారంటీ పెడతాడు. తాను పంపిన కార్మికుడికి ఆఖరి జీతం రాకపోతే దానికి కూడా అతడే బాధ్యుడు కావాలి.

1983 నాటి వలస చట్టం స్థానంలో కొత్త చట్టం కోసం విదేశాంగ శాఖ 2025 అక్టోబరులో ముసాయిదాను ప్రజల ముందుంచింది. అదే ఏడాది నవంబరు 21 నుంచి దేశంలో అమల్లోకి వచ్చిన వేతన స్మృతి (జీతాల చట్టం), ఉద్యోగం మానేసినా తీసేసినా రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలంటోంది. దేశంలో ఇంత కచ్చితంగా రాసినవాళ్లు దేశం దాటినవారి విషయంలో మౌనంగా ఉండకూడదు. తిరిగొచ్చిన కార్మికుడి వేతన బకాయిని వసూలు చేయడంలో దౌత్య కార్యాలయం బాధ్యత ఏమిటో, ఎన్ని రోజుల్లో జవాబు చెప్పాలో ఆ కొత్త వలస చట్టంలోనే రాయాలి. తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్టీలకు అతీతంగా ఈ సవరణ అడగాలి. ఈలోగా రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ గల్ఫ్ వలస ఎక్కువగా ఉన్న జిల్లాల కలెక్టరేట్లలో నోటరీ, ధ్రువీకరణ, అరబీ అనువాదం ఒకేచోట ఉచితంగా జరిగే కౌంటరు తెరవవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక జీవో చాలు.