వానకు లెక్కుంది, మట్టికి లేదు

అనంతపురం కరువు గురించి మాట మొదలైతే చాలు, ఇసుక దిబ్బల ఫొటో ఒకటి బయటికొస్తుంది. కణేకల్, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి హగరి ఒడ్డున తీసిన ఫొటో. కింద ‘రాయలసీమలో రాజస్థాన్’ అన్న హెడ్డింగ్.

దిబ్బలు నిజమే. ఎగువన కర్ణాటకలో 1907లో వాణీ విలాస సాగరం డ్యాం కట్టారు, తర్వాత మన వైపు భైరవానితిప్ప డ్యాం వచ్చింది. నదిలో పారకం తగ్గి ఇసుక ఎండిపోయింది. జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే నైరుతి గాలి ఆ ఇసుకను లేపి ఒడ్డు దాటించి చేలల్లో పోస్తుంది. విచిత్రమేమిటంటే అదే మండలాల్లో తుంగభద్ర ఎగువ కాలువ కింద వరి పచ్చగా ఉంటుంది. దిబ్బలు కొన్ని ఊళ్ల బాధ. జిల్లా అంతటా జరుగుతున్న నష్టం మాత్రం ఫొటోకు చిక్కదు.

దాన్ని చూడాలంటే కళ్యాణదుర్గం వైపు ఏదో ఒక ఎర్రనేల చేలో, గట్టి వాన పడిన మర్నాడు కింద కూర్చోవాలి. గులకరాళ్లు నేలమీద ఉండవు. ఒక్కొక్కటీ చిన్న మట్టి దిమ్మ ఎక్కి కూర్చుని ఉంటుంది. రాయి గొడుగులా అడ్డం పడటంతో దాని కింది మట్టి మిగిలింది, చుట్టూ ఉన్నది కొట్టుకుపోయింది. ఆ దిమ్మ ఎత్తెంతో, పోయిన మట్టి మందం అంత. ఒక్క మిల్లీమీటరు పోయినా ఎకరాకు అయిదు టన్నుల పైమాటే. అంటే సుమారు రెండు ట్రాక్టర్ల మట్టి. ఎవడో వచ్చి రెండు ట్రాక్టర్ల మట్టి తోలుకుపోతే రైతు కర్ర పట్టుకొని అడ్డం పడతాడు. వాన తోలుకుపోతే ‘మంచి వాన పడింది’ అంటాం.

వాన తక్కువ కావడం కొత్త కాదు. పడమటి కనుమల చాటున ఉన్న నేల ఇది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అదీ కొద్ది రోజుల్లోనే. 1876 నాటి ధాత కరువు కాలంలోనూ ఇది వాన తక్కువ నేలే. మారింది నేలమీది కప్పు. ఒకప్పుడు కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక, వాటి మధ్య సాళ్లలో కంది, అనుము, అలసంద, ఆముదం. ఒకటి కోతకొచ్చినా ఇంకొకటి చేలో ఉండేది. 1960ల తర్వాత వేరుశనగ ఒక్కో పంటనూ తోసేసి, చివరికి ఏడెనిమిది లక్షల హెక్టార్లకు పాకింది. దీనికి రైతును తప్పుపట్టలేం. ఎర్రనేలకు సరిపోయే పంట, చేతికి డబ్బిచ్చే పంట.

చిక్కు దాన్ని తీసే పద్ధతిలో ఉంది. జొన్న కోస్తే మొదలు, వేరు నేలలోనే ఉంటాయి. వేరుశనగను వేరుతో సహా పీకాలి. కాయ అమ్మకానికి, కట్టె (కాయ తీసిన మొక్క) పశువులకు. చేలో మిగిలేది ఏమీ లేదు. కంది సాళ్లు కూడా లేని చోట నవంబరు నుంచి మళ్లీ గొర్రు కట్టేదాకా నేల బోసిగా పడి ఉంటుంది. మొదటి వాన, మొదటి గాలి వచ్చేది సరిగ్గా ఆ నేల మీదికే.

బోసి నేల ఊరికే ఉండదు కూడా. వయ్యారిభామ మొలుస్తుంది. 2000 ఖరీఫ్‌లో దాని దెబ్బ తెలిసింది. గట్లమీద, బీళ్లలో పెరిగిన ఆ కలుపు మొక్కే వైరస్‌కు ఆశ్రయం. దాని పుప్పొడి, తామర పురుగుల ద్వారా తెగులు వేరుశనగకు ఎక్కింది. 2 లక్షల హెక్టార్లకు పైగా పంట మొవ్వు ఎండి చచ్చిపోయింది. దాన్ని తెగులు ఖాతాలో రాసుకున్నాం. నా లెక్కలో అది నేల ఖాతాలో కూడా రాయాల్సిందే.

తర్వాత బోర్ల వంతు. 2004లో ఉచిత కరెంటు వచ్చాక చీనీ (బత్తాయి) తోటల కోసం వందల అడుగులు దిగారు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. వాటిలో ఒకటి నీరు తక్కువ, తడపాల్సిన నేల ఎక్కువ కావడం. ఇప్పటి ఊళ్లలో ఆ దోషం లేని బోరు వెతకాలి.

ఊళ్లలోని చెరువుల్లోకే చేల మట్టి చేరింది. వెనకటి రైతులు వేసవిలో పూడిక తీసి బండ్లమీద చేలకు తోలుకునేవారు. పోయిన మట్టి ఏడాదికోసారి ఇంటికి తిరిగొచ్చేది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ ఆ అలవాటును కొంత తిరిగి తెచ్చింది. రాయలసీమలో ఇంతటి ఊపుతో అది జరగలేదు.

దారి లేదని కాదు. చెన్నేకొత్తపల్లి దగ్గర కల్పవల్లిలో బోడిగుట్టలను మేత, నిప్పు అదుపు చేసి వదిలితే గడ్డి, చెట్లు వాటంతట అవే వచ్చాయి. ప్రకృతి వ్యవసాయం చేసే కొందరు రైతులు వానకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లి నేలను కప్పుతున్నారు. నాకు ఇవి చెక్‌డ్యాంల కన్నా ముఖ్యంగా తోస్తాయి. చెక్‌డ్యాం కదిలిన మట్టిని ఆపుతుంది. కప్పు ఉంటే అసలు కదలదు.

కానీ డబ్బు వెళ్లే దారి వేరు. కరువు మండలం ప్రకటించాలన్నా, వాతావరణ బీమా ఇవ్వాలన్నా ముందు చూసేది వర్షపాతమే. దేశ భూభాగంలో 29.77 శాతం నేల క్షీణించిందని ఇస్రో అట్లాస్ 2018-19కి లెక్క తేల్చింది, అందులో పెద్ద వాటా నీటి కోతదే. అయినా చేను కొలతలో మట్టి నష్టం రాసుకునే కాలమ్ ఏ ఫారంలోనూ కనపడదు. మండలాఫీసు ఆవరణలో వర్షమాపకం ఉంటుంది, పొద్దున్నే వచ్చి చదివేవాళ్లుంటారు. అదే ఆవరణలో దాని చుట్టూ గులకరాళ్లు దిమ్మలెక్కి కూర్చుని ఉంటాయి.