రాజుగారి చేతిలో రాజులే

పాత పేకముక్కలు ఎక్కడ బయటపడ్డా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "ఆ కాలంలోనే ఆడుతూ పాడుతూ చరిత్ర నేర్పారండీ!" ఈ 'ఆడుతూ పాడుతూ' చెవిన పడితే చాలు, నాకు బీపీ పెరుగుతుంది.

సరే, నేర్చుకుందాం. 1644. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి ఐదేళ్లు. గద్దెనెక్కి అప్పటికే ఏడాది. కుర్రాడికి చదువు అబ్బాలని ప్రధానమంత్రి కార్డినల్ (క్యాథలిక్ చర్చిలో పెద్ద హోదా) మజరిన్ పేకలు తయారు చేయించాడు. రాత కవి దెమారేది, బొమ్మలు ఇటలీ కళాకారుడు స్తెఫానో దెల్లా బెల్లావి. రాజుల పేకలో ముక్కలు 39. మొదటివాడు ఫరమాండ్. ఈ మహానుభావుడు కట్టుకథల్లో తప్ప ఎక్కడా లేడు. చరిత్ర పాఠానికి ఎంత శుభారంభం! వరసలో ఆఖరివాడో, ఆడుతున్న కుర్రాడే.

ఆ ఆట ఒక్కసారి ఊహించుకోండి. కార్డినల్ గారు ముక్కలు పంచుతారు. కుర్రాడి చేతిలో పూర్వీకులంతా విసనకర్రలా విచ్చుకుంటారు. ఒకడు మంచివాడు, ఒకడు క్రూరుడు, ఒకడు దురదృష్టవంతుడు. అన్నీ ముక్కల మీదే రాసి ఉన్నాయి. కుర్రాడు క్రూరుణ్ణి విసురుతాడు. కార్డినల్ దగ్గర దాన్ని కొట్టే ముక్క ఉంది. దించుతాడా? ఉద్యోగం ముఖ్యం కదా! "అబ్బే, నా చెయ్యి ఖాళీ ప్రభూ" అంటూ దాన్ని ఎర్ర అంగీలోకి తోసేస్తాడు. ఇంతలో కుర్రాడు తన ముక్కే తను దించుతాడు. ఆట అయిపోయింది. అందరూ లేచి నిలబడతారు.

రాణుల పేక వేరే, 52 ముక్కలు. పుణ్యవతులు, తెలివైనవాళ్లు, చపలచిత్తలు, శీలం లేనివాళ్లు అని వర్గాలు. ఐదేళ్ల పిల్లాడు ఆడవాళ్ల శీలానికి మార్కులేయడం నేర్చుకోవాలన్నమాట!

ఇక నవ్వు చాలు. ఆ పేకకు ఐదేళ్ల ముందు, 1639లో, నార్మండీలో ఉప్పు వండుకునేవాళ్లూ రైతులూ ఉప్పు పన్ను భయంతో తిరగబడ్డారు. 'వట్టికాళ్లవాళ్లు' అన్నారు వాళ్లని. సైన్యం వచ్చింది, ఉరికొయ్యలు లేచాయి. ఆ ముక్క ఏదయ్యా? మజరిన్ ఎరగడా? దెమారే ఎరగడా? రాజులకి 'క్రూరుడు' అని ముద్రలు కొట్టిన చేతులకి, ఆ క్రూరత్వం ఎవరి మీద పడిందో రాయడానికి ఒక్క ముక్క దొరకలేదా? అదే కుర్రాడు పెరిగి, మొత్తం 72 ఏళ్లు ఏలాడు. 1709 చలికి పంటలు పోయి, జనం ఆకలితో చచ్చారు. పందెంలో పోసే చిల్లరకి బొమ్మ ఎవరు వేస్తారు లెండి!

ఆ పేకముక్కల్ని మ్యూజియం అద్దాల పెట్టెలో పెట్టి మురుస్తూ చూపిస్తున్నారుగా, పక్కన ఒక గుప్పెడు ఉప్పు కూడా పోసి చూపించండి.