1922లోనే చెప్పారు కదా!

మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో రెండు వార్తలు క్రమం తప్పకుండా వస్తుంటాయి. బోరు మోటారు కాలిపోయిందన్నది ఒకటి. ఆర్కిటిక్ సముద్రం 1922లోనే వేడెక్కిందన్నది రెండవది. మోటారు సంగతికి ఎవరూ జవాబివ్వరు, ఎందుకంటే జవాబిచ్చినవారే మెకానిక్కును పిలవవలసి వస్తుంది. ఆర్కిటిక్ సంగతికి మాత్రం, మూడో అంతస్తులోని విశ్రాంత అధికారిగారు దానిని పంపిన నిమిషంలోపే ఇరవై బొటనవేళ్లు పైకి లేస్తాయి, నాలుగు నమస్కారాలు పడతాయి, "కళ్లు తెరిపించారు సార్" అని ఐదో అంతస్తు నుంచి ఒక భక్తుడు పలుకుతాడు. ఆ సందేశం నెత్తిన "చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది" అన్న ముద్ర ఉంటుంది. లోకానికి అది హెచ్చరిక కావచ్చునేమో గాని, మా గ్రూపులో అది ఐఎస్ఐ మార్కు.

సందేశం సారాంశం పాఠకులకు కొత్త కాదు. మీ బాబాయిగారో మీ వియ్యంకుడుగారో ఈపాటికి మీకూ పంపే ఉంటారు. ఉత్తర ధ్రువ సముద్రం వేడెక్కుతోందట, మంచు కొండలు అరుదైపోతున్నాయట, కొన్ని చోట్ల సీల్ జంతువులకు నీరు మరీ వెచ్చగా తగులుతోందట, ఎన్నడూ లేనిది హెర్రింగ్ చేపలు గుంపులు గుంపులుగా వస్తున్నాయట. ఇదంతా చదివి మీరు బెంబేలెత్తే సమయానికి, ఇది 1922 నాటి వార్త అని చెప్పడం మరిచానంటూ ఒక క్షమాపణ, దాని పక్కన మూడు నవ్వు బొమ్మలు. కాబట్టి వాతావరణ మార్పు అన్నదంతా బూటకమని తీర్పు. కేసు కొట్టివేయబడింది.

ఆ సందేశంతో ఎవరూ చేయకూడని పనిని నేను చేశాను. దాని మూలాన్ని వెదికి చదివాను. నార్వేలోని బెర్గెన్ నగరంలో అమెరికా కాన్సుల్‌గా ఉన్న ఇఫ్ట్ అనే ఆయన పంపిన ఆ నివేదిక నిజంగానే ఉంది, 1922 నవంబరు 'మంత్లీ వెదర్ రివ్యూ'లో నిజంగానే అచ్చయింది. ఆ ఏడాది ఆగస్టులో నార్వే ప్రభుత్వం అడాల్ఫ్ హోయెల్ అనే భూగర్భశాస్త్ర అధ్యాపకుడి నాయకత్వంలో ఒక బృందాన్ని స్పిట్స్‌బెర్గెన్‌కు, అంటే నేటి స్వాల్‌బార్డ్ దీవులకు, పంపిందని, ఆ బృందం 81 డిగ్రీల 29 నిమిషాల ఉత్తర అక్షాంశం దాకా మంచు అడ్డు లేకుండా వెళ్లగలిగిందని అందులో ఉంది. వేసవిలో 3 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉండే అక్కడి నీరు ఆ ఏడు 15 డిగ్రీల దాకా వెళ్లిందని ఉంది. 54 ఏళ్లుగా ఆ సముద్రంలో ఓడ నడుపుతున్న మార్టిన్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ అనే కెప్టెన్, ఈ వెచ్చదనాన్ని తాను మొదట 1918లో గమనించానని, ఇప్పుడు ఆ ప్రాంతాన్ని తాను గుర్తుపట్టలేకపోతున్నానని చెప్పినట్టు ఉంది.

అంటే అధికారిగారు పంపుతున్నది అబద్ధం కాదు. నా బాధంతా అదే. అబద్ధమైతే ఒక్క మాటతో తేలిపోయేది. నిజాన్ని పట్టుకొచ్చి దాని నోట అబద్ధం పలికిస్తే ఏ కోర్టుకు వెళ్లాలి? తాతగారికి 1922లో జ్వరం వచ్చింది గనుక ఈనాడు మనవడి ఒళ్లు కాలడం వట్టి పుకారని తేల్చే వైద్యుడి దగ్గరకు మా గ్రూపులో ఎవరూ వెళ్లరు. సముద్రం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ వైద్యుడే ధన్వంతరి.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు మన పెద్దలు. కొందరు శాస్త్రజ్ఞులు అడుసు కోసమే పనిగట్టుకొని 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా వెళతారు. స్వాల్‌బార్డ్ పడమటి తీరాన కాంగ్స్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఉంది. దాని అడుగున ఏళ్ల తరబడి బురద పొరలు పొరలుగా పేరుకుంటుంది, కింద పాతది, పైన కొత్తది. గొట్టం దించి ఆ బురదను చెదరకుండా పైకి తీస్తే, అందులో ఇసుక రేణువంత గవ్వలు, సూక్ష్మజీవులు వదిలిన కొవ్వు పదార్థాల ఆనవాళ్లు ఉంటాయి. ఏ కాలంలో నీరు ఎంత వెచ్చన, ఎంత ఉప్పన అన్నది వాటి రసాయనాన్ని బట్టి లెక్కగడతారు. ఇటలీకి చెందిన టొమ్మాసో టేసి, కేంబ్రిడ్జిలో పనిచేసే ఫ్రాంచెస్కో ముస్కిటియెల్లో తదితరులు ఇలాగే 800 ఏళ్ల బురదను చదివి 2021లో ఫలితాలు ప్రకటించారు. శతాబ్దాల పాటు పెద్దగా కదలని ఉష్ణోగ్రత 20వ శతాబ్దం ఆరంభంలో ఒక్కసారిగా ఎగబాకిందని, 1900 నుంచి ఇప్పటికి అక్కడి నీరు సుమారు 2 డిగ్రీలు వేడెక్కిందని తేలింది.

కారణం అట్లాంటిక్ నీరు. వెచ్చగా, ఉప్పగా ఉండే ఆ నీరు నార్వే పక్కగా ఉత్తరానికి సాగి, గ్రీన్‌లాండ్‌కూ స్వాల్‌బార్డ్‌కూ మధ్య ఉన్న ఫ్రామ్ జలసంధి గుండా ఆర్కిటిక్‌లోకి దూరి, తేలికైన చల్లని పై పొర కింద దాక్కుంటుంది. మంచు కింద ఈ వెచ్చని పొర ఉన్నదని 1893-96 యాత్రలో మొదట కనిపెట్టినవాడు నార్వే అన్వేషకుడు నాన్సెన్, ఆయన ఓడ పేరే ఆ జలసంధికి పెట్టారు. ఇప్పుడు ఆ వెచ్చని నీరు ఎక్కువెక్కువగా వస్తోంది, పైపైకీ వస్తోంది. దీనికి శాస్త్రజ్ఞులు అట్లాంటిఫికేషన్ అని పేరు పెట్టుకున్నారు.

అధికారిగారు గమనించవలసిన ముచ్చట ఏమిటంటే, 1918లో ఇదేదో తేడాగా ఉందే అని కెప్టెన్ అనుకున్నది ఇదే. నూరేళ్ల తరువాత బురద లేచి వచ్చి ఆయన మాట కింద సంతకం పెట్టింది. ప్రతివాది తరఫున అధికారిగారు బోనెక్కించిన సాక్షి, పాపం, వాది మనిషి.

ఈ సంగతిని సర్వసభ్య సమావేశంలో పెట్టి సాక్షులనే నేరుగా విచారిస్తే ఎలా ఉంటుందని ఒక రాత్రి నేను ఊహించుకున్నాను. సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అధ్యక్ష స్థానంలో అధికారిగారు, పక్కన రిజిస్టరుతో కార్యదర్శిగారు. ఎదుట బల్ల మీద, భూతద్దం కింద, ఫొరామినిఫెరా అనే ఏకకణ సముద్రజీవుల వంశానికి చెందిన రెండు గవ్వలు. మొదటిదాని పేరు నియోగ్లోబోక్వాడ్రినా పాకిడెర్మా, చలి నీటి జాతి. రెండవది టర్బొరొటాలిటా క్విన్‌క్వెలోబా, కాస్త వెచ్చని నీరు కోరుకునే జాతి. కార్యదర్శిగారు రెండుసార్లు ప్రయత్నించి "పాకిడెర్మాగారు, మరియు ఇంకొకరు" అని రాసుకున్నారు.

"ఓనరా, టెనెంటా?" అన్నది మొదటి ప్రశ్న. తాను తరతరాలుగా అక్కడే ఉన్నానని పాకిడెర్మాగారు విన్నవించుకున్నారు. రెండవవారు తాము అట్లాంటిక్ ప్రవాహంతోపాటు వచ్చామని, వెచ్చగా ఉంటే ఉంటామని, లేకుంటే పోతామని నిజాయితీగా ఒప్పుకున్నారు. "అంటే టెనెంటు. ఓటు హక్కు లేదు" అని అధ్యక్షులవారు రూలింగ్ ఇచ్చారు. 2011లో స్పీల్‌హాగెన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడి బృందం తమ ఇరువర్గాలనూ పొర పొరకూ లెక్కపెట్టిందని, 2000 ఏళ్లలో ఎన్నడూ లేనంతగా ఈ మధ్య అట్లాంటిక్ నీరు వేడెక్కిందని తేల్చిందని, అందుకే ఓనర్లు తగ్గి టెనెంట్లు పెరిగారని పాకిడెర్మాగారు మొరపెట్టుకున్నారు. "అగ్రిమెంటు ఉందా?" అన్నారు కార్యదర్శిగారు. బురద ఉందన్నారు పాకిడెర్మాగారు. 800 ఏళ్ల లెక్క, ఒక్క పేజీ చిరగకుండా ఉందన్నారు. ఆ మాట వినగానే సభలో అసౌకర్యమైన నిశ్శబ్దం అలుముకుంది, ఎందుకంటే మా సంఘంలో గడచిన మూడేళ్ల మెయింటెనెన్స్ లెక్కలే ఎవరికీ దొరకడం లేదు. లెక్కల ప్రస్తావన అజెండాలో లేదని అధ్యక్షులవారు గుర్తుచేశారు. చివరికి, సాక్షులు మరణించి శతాబ్దాలైనందున వారి వాంగ్మూలం చెల్లదని, 1922 కెప్టెన్ కూడా మరణించినప్పటికీ ఆయన వాంగ్మూలం ఫార్వర్డ్ చేయబడినందున చెల్లుతుందని ఏకగ్రీవంగా తీర్మానించి, టీ తాగారు.

ఇదెక్కడో మంచు రాజ్యపు గొడవ, మనకెందుకని అడిగేవారూ ఉన్నారు. వారికి తెలియని విషయం, ఆ కాంగ్స్‌ఫ్యోర్డ్ ఒడ్డునే ఉన్న న్యూ ఒలెసున్‌లో మన దేశానికి 2008 నుంచి హిమాద్రి అనే పరిశోధన కేంద్రం ఉంది. అదే పాయ నీళ్లలో 192 మీటర్ల లోతున 2014లో మనవాళ్లు ఇండార్క్ అనే పరికరాల వరుసను లంగరు వేశారు. కారా సముద్రంలో వేసవి మంచు తగ్గడానికీ, మన దేశంలో సెప్టెంబరు నెలలో కుండపోత వానలు పెరగడానికీ సంబంధం ఉండవచ్చని గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు 2021లో సూచించారు. సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు నిలిచిన రోజున మోటారు కోసం వెదికేవారు ఈ వాక్యాన్ని మళ్లీ చదువుకోవచ్చు.

2021 నాటి ఆ బురద పరిశోధనలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన మాట వేరే ఉంది. 20వ శతాబ్దం ఆరంభంలో జరిగిన ఆ వేడెక్కడాన్ని నేటి కంప్యూటర్ వాతావరణ నమూనాలు సాధారణంగా తిరిగి చూపలేకపోతున్నాయి. ఆర్కిటిక్‌ను మనం ఇంకా పూర్తిగా అర్థం చేసుకోలేదని దాని భావం. దీనిని అధికారిగారికి చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా, వాళ్లకే తెలియదు!" అన్నారు. అయ్యా, తెలియని అప్పు ఎప్పుడూ తక్కువే ఉంటుందని ఏ షావుకారు మీకు హామీ ఇచ్చాడు? లెక్క తేలలేదంటే ఉన్నదానికన్నా ఎక్కువే ఉండవచ్చునన్న ఆలోచన, జీవితమంతా ఫైళ్లలో తేడాలు పట్టి కింది ఉద్యోగులను నిలదీసిన మీకు, ఒక్కసారైనా ఎందుకు రాలేదు? 1979 నుంచి ఆర్కిటిక్ ప్రపంచ సగటుకన్నా దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కింది. 2012 సెప్టెంబరులో అక్కడి సముద్రపు మంచు సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు కుంచించుకుపోయింది. ఇవి ఉపగ్రహాలూ వాతావరణ కేంద్రాలూ కొలిచిన సంఖ్యలు, వీటికి నవ్వు బొమ్మలు తగిలించి తప్పించుకోలేరు.

ఇంకొక సంగతి చెప్పాలి, దానికి వ్యంగ్యం నాకు చేతకావడం లేదు. ఆ ఫార్వర్డులో, కొన్నేళ్లలోనే సముద్రం పొంగి చాలా తీర నగరాలు నివాసానికి పనికిరాకుండా పోతాయని 1922లోనే జోస్యం చెప్పినట్టు ఒక వాక్యం ఉంటుంది. అసలు నివేదికలో ఆ వాక్యం లేదు. కాన్సుల్ రాయలేదు, హోయెల్ అనలేదు, కెప్టెన్ అనలేదు. జోస్యం తప్పిందని నవ్వుకోవడానికి ఎవడో దొంగ దానిని తరువాత అతికించాడు. 54 ఏళ్లు గడ్డకట్టే నీళ్ల మీద బతికి, కళ్లతో చూసింది చూసినట్టు చెప్పిన మనిషి నోట్లో తాను అనని మాట కుక్కి, ఆ మాట మీద వందేళ్ల తరువాత మనం నవ్వుతున్నాం. దొంగ పత్రం సృష్టించడం మన చట్టంలో నేరం. దానిని భక్తితో పదిమందికి పంచడం మాత్రం మన గ్రూపుల్లో పెద్దరికం. సిగ్గుపడవలసినది ఎవరో నేను చెప్పనక్కరలేదు, కాని ఎవరూ పడడం లేదు గనుక చెబుతున్నాను: నవ్వు బొమ్మ పెట్టిన ప్రతివారూ.

పోయిన ఆదివారం ఇదంతా, కాస్త మర్యాదగా, ఎనిమిది వాక్యాల్లో రాసి గ్రూపులో పెట్టాను. కాంగ్స్‌ఫ్యోర్డ్ అడుగున 800 ఏళ్ల బురద పేరుకొని ఉందన్న వాక్యం దగ్గర అందరి దృష్టీ నిలిచినట్టుంది. గంట తరువాత కార్యదర్శిగారి జవాబు వచ్చింది: "బురద విషయం మా దృష్టికి తెచ్చినందుకు ధన్యవాదములు. సంపు శుభ్రం చేయించే పని వచ్చే ఆదివారం పెట్టుకుందాము. ఫ్లాటుకు రెండు వందలు." దానికి పదిహేడు బొటనవేళ్లు లేచాయి.