ఒంటిగంట కొట్టని గడియారం

ఇదివరకు బొమ్మలేసే మా దగ్గరికి క్లయింటు ఉత్త చేతులతో వచ్చేవాడు. "ఏదో మీ ఇష్టం, బాగుండాలి" అనేవాడు. బాగుండటం అంటే ఏమిటో ఆయనకీ తెలియదు, మనకీ తెలియదు కాబట్టి పని సాఫీగా సాగేది. 2022లో మాట చెబితే బొమ్మ గీసిపెట్టే ఏఐ యంత్రాలు, డాల్-ఈ 2, మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ వరసపెట్టి జనం చేతికి వచ్చాక కథ మారిపోయింది. ఇప్పుడు క్లయింటు బొమ్మతో సహా దిగుతున్నాడు. "అంతా అయిపోయింది, మీరు ఫైనల్ టచ్ ఇస్తే చాలు" అంటున్నాడు. ఆ టచ్‌కే మనకి తెల్లారిపోతుంది.

మా బాబాయ్ క్లయింటు కూడా కాదు. అంతకంటే ప్రమాదం, బంధువు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక కవి అయ్యారు. నడిరేయి మెలకువ వచ్చి రాసుకున్న కవితలన్నీ పోగేసి 'ఒంటిగంట' అని పేరు పెట్టారు. ముఖచిత్రం నాకే అప్పజెబుతారని నేను కుంచె దులుపుకుంటూ కూర్చుంటే, ఆయన ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చి "నీకెందుకురా శ్రమ, నేనే వేసేశాను" అన్నారు.

బొమ్మ బాగుంది. ఆ మాట కాదనలేను. నీలం రాత్రి, తెరిచిన కిటికీ, బల్ల మీద వంగి రాసుకుంటున్న పెద్దాయన, ఆయన నుదుటి మీద దీపం వెలుగు. ఆ వెలుగు ఒక్కటీ కుదరాలంటే నాకు వారం పట్టేది. పెద్దాయన చేతివేళ్లు కూడా లెక్కపెట్టాను, సరిగ్గా అయిదే ఉన్నాయి. ఒకప్పుడు ఏఐ బొమ్మలని పట్టుకోవడానికి ఆరో వేలు మాకు భలే ఆధారంగా ఉండేది, అదీ పోయింది. వచ్చిన చిక్కల్లా వెనక గోడ గడియారంతోనే. అందులో టైము పదీ పది.

"ఒంటిగంట అని చెప్పలేదా బాబాయ్?"

"ఎందుకు చెప్పలేదూ? తెలుగులో చెప్పాను, ఇంగ్లీషులో చెప్పాను, అంకెల్లో చెప్పాను. నా క్లాసులో ఆఖరి బెంచీ వాడికి కూడా ఇన్నిసార్లు చెప్పలేదు."

ఫోల్డర్ తెరిచి చూపించారు. గుండ్రటి గడియారం, పలకల గడియారం, లోలకం ఊగేది, ముళ్లు మూడున్నది. అన్నీ పదీ పదే. ఇందులో యంత్రం మొండితనం ఏమీ లేదు. గడియారాల ప్రకటనల్లో ముళ్లు పదీ పది దగ్గర పెట్టి ఫొటో తీయడం పాత అలవాటు. అటూ ఇటూ సమానంగా విచ్చుకుని ఉంటాయి, పన్నెండు కింద ఉండే కంపెనీ పేరుకి అడ్డం రావు. నెట్ నిండా ఆ ఫొటోలే. వాటితో నేర్చుకున్న యంత్రం దృష్టిలో పదీ పది అనేది ఒక టైము కాదు, గడియారం మొహమే అంత.

ఇదంతా విని బాబాయ్ ఊరుకుంటారా? భాషతో కాకపోతే గణితంతో కొడదామనుకున్నారు. ఒంటిగంటకి రెండు ముళ్ల మధ్య కోణం 30 డిగ్రీలు కాబట్టి, ఆ ముక్కే, ఏం గీయాలో యంత్రానికి రాసిచ్చే ప్రాంప్ట్‌లో రాశారు. కొత్త బొమ్మ వచ్చింది. గడియారం పదీ పది దగ్గరే ఉంది. పెద్దాయన చేతిలో కలం పోయి కోణమాని వచ్చింది.

పైగా కిటికీలో ఒక పిల్లి చేరింది. బాబాయ్‌కి పిల్లులు పడవు. "పిల్లి వద్దు" అని రాశారు. రెండు పిల్లులు వచ్చాయి. "పిల్లి ఎట్టి పరిస్థితిలోనూ ఉండరాదు" అని ఆఫీసు నోటీసు భాషలో రాశారు. ఈసారి పిల్లి పెద్దాయన ఒళ్లో కూర్చుని మనకేసి చూస్తోంది. ఫొటోల కింద రాసుండే వివరాల్లో ఉన్నవాటి పేర్లే ఉంటాయి గానీ లేనివాటి జాబితా ఎవరు రాస్తారు? అందుకని వద్దు అన్న మాట జారిపోయి పిల్లి ఒక్కటే మిగులుతుంది. అసలా పేరే ఎత్తకుండా ఉండాల్సింది.

ఈ గొడవంతా వింటున్న పిన్ని లోపల్నించి వచ్చి బొమ్మకేసి చూసి, "దానికి తెలుసురా నిజం. మీ బాబాయ్ పదీ పదికల్లా గుర్రు పెడతారు. ఒంటిగంటకి మెలకువ వచ్చేది నాకు, ఆ గుర్రుకి" అంది. బాబాయ్ వినిపించుకోలేదు. బొమ్మ కింది మూల భూతద్దం పెట్టినట్టు చూస్తున్నారు.

"ఈ సంతకం ఎవరిదిరా?"

నిజమే, మూల చిన్న గిలుకుడు ఉంది. సంతకం లాగే ఉంది, చదవబోతే అక్షరం లేదు. ఎవరిదీ కాదు. చిత్రకారులు కింద మూల సంతకం పెడతారు కాబట్టి అక్కడో గిలుకుడు ఉండాలని యంత్రం నేర్చుకుంది. స్టేబుల్ డిఫ్యూజన్‌కి పాఠాలు వచ్చింది లాయన్-5బీ అనే భండారం నుంచి. అందులో 585 కోట్ల బొమ్మల జాబితా, వాటి వివరాలతో సహా ఉంది. ఫొటోలు అమ్ముకునే గెట్టీ ఇమేజెస్ వాళ్లు 2023లో, స్టేబుల్ డిఫ్యూజన్ తయారుచేసిన స్టెబిలిటీ ఏఐ మీద వేసిన దావాలో, తమ వాటర్‌మార్కు వంకరటింకరగా పడిన బొమ్మలనే కోర్టు ముందు పెట్టారు.

"మరి ఇందులో ఫలానా ఆయన పేరు పెడితే వెలుగు బాగా వస్తుందని వీడియోలో చెప్పారే" అని బాబాయ్ ప్రాంప్ట్ చూపించారు. గ్రెగ్ రుట్కోవ్‌స్కీ. పోలండ్ చిత్రకారుడు, డ్రాగన్లూ యుద్ధాలూ వేస్తాడు. 2022లో లెక్కలేనంత మంది ఈయన పేరు తగిలించి బొమ్మలు తీశారు. తన పేరుతో వెతికితే తన బొమ్మలు దొరక్కుండా పోతాయేమోనని ఆయన అప్పుడే వాపోయాడు. నేను ఆ సంగతి చెప్పాక బాబాయ్ కాసేపు మాట్లాడలేదు. తరవాత ఆ పేరు చెరిపేశారు. వెలుగు కాస్త తగ్గింది, ఆయన పట్టించుకోలేదు. కవి అన్నవాడి మీద నాకు అప్పుడు గౌరవం కలిగింది. ఎక్కువసేపు నిలవలేదు.

"సరే, మరి బొమ్మ మీద హక్కు నాదే కదా? ఇన్ని ప్రాంప్టులు రాశాను."

కొలరాడో స్టేట్ ఫెయిర్‌లో ఏఐ బొమ్మతో 2022లో మొదటి బహుమతి కొట్టిన జేసన్ అలెన్ సంగతి చెప్పాను. కనీసం 624 ప్రాంప్టులు రాశానని మొత్తుకున్నా, యంత్రం గీసిన భాగం మీద హక్కు వదులుకోనన్నందుకు అమెరికా కాపీరైట్ ఆఫీసు 2023లో రిజిస్ట్రేషన్ ఇవ్వలేదు.

బాబాయ్ కళ్లు మెరిశాయి. "624 దగ్గర ఆగిపోయాడా! ఇంకొక్కటి రాస్తే 25 వర్గం అయ్యేదిగా!"

ఇక లాభం లేదని, "పోనీ మొదట్నించీ నేనే వేస్తాను బాబాయ్" అన్నాను. ఒప్పుకోలేదు, ఆ బొమ్మ మీద మనసు పడిందిట. మా పనిలో అసలు మార్పు ఇదీ. పూర్వం పెన్సిలుతో నాలుగు గీతలు గీసి చూపిస్తే క్లయింటు ఆలోచించేవాడు. ఇది తీసెయ్, అది జరుపు అనేవాడు. పెన్సిలు గీత మీద ఎవరికీ ప్రేమ పుట్టదు. ఇప్పుడు మొదటి రోజే రంగులద్దుకుని తయారైన బొమ్మ ఎదురుగా కనిపిస్తోంది, ఇంక ఎవరి మాటా చెవికెక్కదు. పెళ్లి ఖాయం చేసుకుని వచ్చి జాతకాలు చూడమన్నట్టు ఉంటుంది మా పరిస్థితి.

జాతకం చూశాను. బొమ్మ 1024 పిక్సెళ్లు. ప్రెస్‌కి కావలసిన 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున వేస్తే మూడున్నర అంగుళాలు కూడా రాదు. అట్టకి చాలదు, వెనకవైపు రచయిత ఫొటోకి సరిపోతుంది. దాన్ని సాగదీసి పదును పెట్టాను. పుస్తకం పేరు యంత్రమే రాసింది. దీర్ఘాలు గాలిలో తేలుతున్నాయి, ఒత్తు కింద ఇంకో ఒత్తు వేలాడుతోంది. "కన్నడం వచ్చిందేమిట్రా?" అన్నారు బాబాయ్. కన్నడం వాళ్లు కూడా ఒప్పుకోరన్నాను. దానికి అక్షరమైనా ఆకులైనా ఒకటే, ఆకారం గీస్తుందంతే. అది చెరిపి ఫాంటులో పేరు పెట్టాను.

ఇక గడియారం. ఫొటోషాప్‌లో ముల్లు జరపడం ఎంతసేపు అనుకుంటారు జనం. ముల్లు విడిగా ఉంటే కదా! ఏఐ బొమ్మ మొత్తం ఒకే పొర. ముల్లు తీస్తే కింద చిల్లు, ఆ చిల్లు పూడిస్తే గాజు మీద మెరుపు పోయింది, మెరుపు వేస్తే నీడ తప్పింది. తీరా కొత్త ముల్లు పెడదామని దగ్గరగా చూస్తే, పన్నెండు పక్కన ఒకటి లేదు. నేరుగా రెండు లాంటిదేదో ఉంది, దాని తరవాత తల్లకిందులైన నాలుగు. ఒంటిగంట చూపించాలంటే ముందు ఒకటి ఉండాలి కదా. అంకెలన్నీ చెరిపి, మళ్లీ రాసి, ముళ్లు రెండూ చేత్తో గీశాను.

ప్రూఫ్ వచ్చింది. స్క్రీన్ మీద మిలమిలలాడిన నీలం అచ్చులో వాడే నాలుగు సిరాల్లోకి మారేసరికి నీరసపడింది. "నా రాత్రికి మబ్బు పట్టిందేమిట్రా" అన్నారు బాబాయ్. ఆ మబ్బు దులిపేసరికి మరో రాత్రి గడిచింది.

మొత్తానికి పుస్తకం అచ్చయింది. ఆవిష్కరణకి వచ్చిన బాబాయ్ పాత శిష్యుడొకడు అట్ట తిప్పి తిప్పి చూసి తేల్చాడు. "మాస్టారూ, బొమ్మ ఎంతో సహజంగా ఉందండీ. ఆ గడియారం ముళ్లు మాత్రం ఏఐ వేసినట్టున్నాయి."

వాణ్ణి తప్పుపట్టలేను. 2024లో మైల్స్ ఆస్ట్రే అనే ఫొటోగ్రాఫర్, తల కనపడకుండా వంగి ఉన్న నిజం ఫ్లెమింగో ఫొటోని ఓ పోటీలో ఏఐ విభాగానికి పంపితే జడ్జీలు బహుమతి ఇచ్చేశారు. నిజం చెప్పాక వెనక్కి తీసుకున్నారు. జడ్జీలకే తెలియనిది శిష్యుడికేం తెలుస్తుంది! కానీ బాబాయ్‌కి తెలుసు కదా. ఆయనైనా నోరు విప్పుతారని చూశాను.

"నేనూ మావాడితో అదే అన్నానోయ్" అన్నారు.

లోపలి పేజీలో 'ముఖచిత్రం: రచయిత' అని ఉంది. నా పేరు దాని కింద, సాంకేతిక సహాయం దగ్గర. ఇంటికి వెళ్తూ బాబాయ్ నా భుజం తట్టారు. రెండో సంపుటి సిద్ధంగా ఉందిట, పేరు 'ఆరున్నర'.

"ముళ్ల మధ్య పదిహేను డిగ్రీలే గదరా. ఈసారి నీకు సగం పనే."