మూడొందలు దాటని స్కోరు, మూడు ఊర్ల సలహాలు

దసరా సెలవులు అయిపోతూనే మా కాలేజీ డిపార్ట్‌మెంట్‌లో ఎల్ఓఆర్‌ల (అమెరికాలో ఎంఎస్‌కు పోయేవాళ్లకు మేము రాసిచ్చే సిఫారసు ఉత్తరాలు) సీజన్ మొదలవుతుంది. ఫైనలియర్ పిల్లోళ్లు, పోయినేడు పాసై ఖాళీగా ఉన్నోళ్లు అందరూ వస్తారు. ఎంఎస్ సీటు కోసం రాసే జీఆర్ఈ పరీక్షలో 340కి ఎంతొచ్చిందో పంపడం మీ ఇష్టం, ఆప్షనల్ అని చాలా యూనివర్సిటీలు అంటున్నాయి కాబట్టి, అందరిదీ ఒకటే ప్రశ్న: "మేడమ్, జీఆర్ఈ 296 వచ్చింది. పంపాల్నా, వద్దా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పనోళ్లు ఎవరూ లేరు. అనంతపురంలో కన్సల్టెన్సీ ఆయన "ఆప్షనలే, లైట్ తీస్కో" అంటాడు. డాలస్‌లో ఉండే పెద్దమ్మ కొడుకు "మా టైంలో అందరం పంపినాం, ఏం కాదు, పంపు" అంటాడు. బెంగళూరులో ఉద్యోగం చేసే సీనియర్ "ఇంకోసారి రాయి మచ్చా" అంటాడు, ఫీజు ఆయన కట్టడు కాబట్టి. ఇంట్లో నాయన మాత్రం "అంత దుడ్డు పెట్టి రాసినావు కదా, రాసింది దాచిపెడితే మోసం కాదా?" అని అడుగుతాడు. అందరిలోకీ నాకు గౌరవం ఉన్నది ఆ నాయన ప్రశ్న మీదే. కానీ ఆయన భయపడాల్సింది ఇక్కడ కాదు.

పరీక్ష పెట్టే ఈటీఎస్ వాళ్లే 2012 నుంచి స్కోర్‌సెలెక్ట్ అని పెట్టినారు. స్కోరుకు ఐదేళ్ల వ్యాలిడిటీ. ఆ ఐదేళ్లలో ఎన్నిసార్లు రాసినా నువ్వు ఏది పంపమంటే అదే పోతుంది, మిగతావి యూనివర్సిటీకి కనపడవు. స్కోరు అక్కర్లేదని యూనివర్సిటీయే చెప్పినప్పుడు అసలేమీ పంపకపోవడమూ అంతే, నీ ఇష్టం. మోసం వేరేచోట మొదలవుతుంది. కొన్ని అప్లికేషన్లలో "జీఆర్ఈ రాశారా? తేదీ ఎప్పుడు?" అని సూటిగా అడుగుతారు. అక్కడ లేదు అని టిక్కు పెడితే అది అబద్ధం. వీసా కౌంటర్‌లో ఆఫీసరు స్కోరెంత అని అడిగితే వచ్చిందే చెప్పాల. "రాయలేదని చెప్పు, వాళ్లకెట్లా తెలుస్తుంది" అని నేర్పించేవాళ్లు మన ఊర్లో ఉన్నారు. వాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

ఇక నా అభిప్రాయం. నిజంగా ఆప్షనల్ అయితే, నీ స్కోరు నీ మార్కులకంటే తక్కువ మాట్లాడుతుంటే, పంపొద్దు. 8.7 సీజీపీఏ ఉన్న పిల్ల 296 ఎందుకు అతికించుకోవాల? నాలుగేండ్లు చదివినదాన్ని రెండు గంటల పరీక్షతో ఎందుకు తగ్గించుకోవాల? (2023 సెప్టెంబరు నుంచి పరీక్షే రెండు గంటల లోపుకి వచ్చేసింది, ముందు దాదాపు నాలుగు గంటలుండేది.) అదే 6.4 ఉండి, బ్యాక్‌లాగులుండి 315 తెచ్చుకున్నోడు, ఆప్షనల్ అన్నా సరే పంపాల. వాడికి సాక్ష్యం అదొక్కటే. 6.4 ఉండి 296 వచ్చినోడికి మాత్రం నేను మొహమాటపడకుండా చెప్తా: నాయనా, నీ సమస్య స్కోరు పంపాల్నా వద్దా అనేది కాదు, యూనివర్సిటీల లిస్టు మార్చుకో.

అసలు 296 అంటే ఏంది? మొత్తం చెప్పి ఊరుకుంటారు. క్వాంట్ (లెక్కలు) 163, వెర్బల్ (ఇంగ్లీషు) 133 అయినా 296 ఏ. క్వాంట్ 150, వెర్బల్ 146 అయినా 296 ఏ. కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఈ రెండింటినీ ఒకేలా చూడరు. పైగా క్వాంట్‌లో 160 వస్తే మనం లడ్డూలు పంచుతాం గానీ, ప్రపంచమంతా ఇంజినీర్లే రాస్తారు కాబట్టి అది సుమారుగా నడిమి స్థానమే. 150 అంటే ఇంకా కిందనే. కాబట్టి డిపార్ట్‌మెంట్ పేజీ తెరిచి, పోయినేడు సీటొచ్చినోళ్ల సగటు ఇచ్చినారేమో చూడు. దానికి దగ్గరగా ఉంటే పంపు. చాలా కిందుంటే వద్దు. "రికమెండెడ్" అని రాసినచోట మాత్రం వాళ్లకు కావాలనే అనుకో, తప్పించుకోవాలని చూడొద్దు. 21 రోజులాగితే మళ్లీ రాయొచ్చు. ఇంకొన్నిచోట్ల స్కోరు మాకు అసలొద్దనే రాసుంటారు, అక్కడ ఈ ఏడుపే లేదు.

ఒక విషయం మన పిల్లోళ్లకు ఎవరూ చెప్పరు. ఈటీఎస్ నుంచి యూనివర్సిటీకి పోయే రిపోర్టులో రైటింగ్ మార్కు ఒక్కటే కాదు, నువ్వు పరీక్షలో టైప్ చేసిన వ్యాసమూ పోతుంది. ఒకపక్క నువ్వు సొంతంగా రాసిన, ఆరుకు 2.5 వచ్చిన వ్యాసం. ఇంకోపక్క కన్సల్టెన్సీలో కొనుక్కొచ్చిన ఎస్ఓపీ (ఈ చదువు నీకెందుకో అప్లికేషన్‌తో పాటు రాసిచ్చేది), మొదటి లైన్లోనే "చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే నాకు మక్కువ" అంటూ పరిమళించే ఇంగ్లీషు. రెండూ ఒకే మనిషివని ఎవరు నమ్ముతారు? రైటింగ్ తక్కువొచ్చినోళ్లు స్కోరు పంపే ముందు ఆ ఎస్ఓపీని చించి సొంతంగా రాసుకోండి. వంకర ఇంగ్లీషైనా పర్వాలేదు.

ఇంటర్ కాంగానే అమెరికాలో డిగ్రీకి పోదామనుకునేవాళ్లకు నా సలహా తిరగబడుతుంది. కరోనా టైంలో శాట్ (అక్కడ డిగ్రీ సీటు కోసం రాసే పరీక్ష) దాదాపు అన్నిచోట్లా ఆప్షనల్ చేసినారు. ఎంఐటీ 2022లోనే మళ్లీ తప్పనిసరి చేసింది, డార్ట్‌మత్, హార్వర్డ్ 2024లో చేసినాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లయితే పంపినా చూడరు. డార్ట్‌మత్ వాళ్లు వెనక్కి తిరిగి చూసుకుంటే తేలిందేమంటే, పేదింటి పిల్లలు కొంతమంది 1600కు 1400 దరిదాపుల్లో వచ్చిన స్కోర్లను తక్కువనుకుని దాచిపెట్టినారు. పంపుంటే వాళ్లకు లాభమే అయ్యుండేది, ఎందుకంటే అక్కడ స్కోరును ఆ పిల్లోడు చదివిన బడిని పక్కన పెట్టుకుని చూస్తారు. ఇది చదివినప్పుడు నాకు మన గుత్తి, కదిరి పిల్లలే గుర్తొచ్చినారు. తక్కువ అనేది ఎవరితో పోల్చి? కార్పొరేట్ కాలేజీ ర్యాంకులు రోజూ పేపర్లో చూసి చూసి, మనకు వచ్చింది ఏదైనా తక్కువే అనిపిస్తుంది.

కన్సల్టెన్సీల మీద నాకు వ్యక్తిగతంగా పగ లేదు. కొన్ని యూనివర్సిటీలు తలకింత అని వాళ్లకు కమీషన్ ఇస్తాయి, వాళ్ల సలహా అటే పోతుంది, అది వాళ్ల వ్యాపారం. కానీ ముప్పై నలభై లక్షల లోన్ తలకెత్తుకునేది నువ్వూ మీ నాయనా. లోన్ ఇచ్చేవాళ్లలోనూ కొందరు జీఆర్ఈ ఎంత అని అడుగుతారు, కాబట్టి యూనివర్సిటీకి పంపకపోయినా ఆ కాగితం పారేయొద్దు.

ఈసారి ఎల్ఓఆర్ కోసం వచ్చేవాళ్లు ఏ యూనివర్సిటీకి స్కోరు పంపుతున్నారో, ఏదానికి లేదో రాసుకుని రండి. మీ ఫైల్లో జీఆర్ఈ లేదని తెలిస్తే మీ మ్యాథ్స్ గురించి, ప్రాజెక్టు గురించి నేను రెండు వాక్యాలు ఎక్కువ రాస్తా. డెడ్‌లైన్ రేపనగా రాత్రి పదకొండింటికి పోర్టల్ లింకు పంపి "మేడమ్ ప్లీజ్" అనేవాళ్లకు మాత్రం ఒక్క వాక్యమూ రాయను.