పుట్టమన్ను, పచ్చిపేడ, గులకరాళ్లు: ఆ నారు ఫార్వర్డ్‌లో ఎంత నిజం?

ఈ వారంలో ఒకే మెసేజ్ నాకు నలుగురు పంపారు, అందులో ఒకరు మా పెద్దమ్మే. మెసేజ్ ఇది: "నర్సరీవాళ్లు దాచే రహస్యం! కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కొని మోసపోకండి. మూడు పాళ్లు పుట్టమన్ను, ఒక పాలు పచ్చిపేడ, గుప్పెడు కాఫీ పిప్పి, గుప్పెడు కోడిగుడ్డు పెంకుల పొడి కలపండి. డబ్బా అడుగున గులకరాళ్లు పరవండి. గింజను రెండంగుళాల లోతున పెట్టండి. ఏ నారైనా మూడు రోజుల్లో మొలుస్తుంది." కింద నాలుగు దండాల బొమ్మలు, పదిమందికి పంపమని వేడుకోలు.

నారుమట్టి ఇంట్లోనే కలుపుకోవచ్చు అన్నంతవరకు నాకూ ఒప్పుదలే. తిరుపతిలో మా మిద్దె మీద నేనూ అదే చేస్తా. గొడవంతా ఆ కలిపే సరుకుతోనే.

ముందు పుట్టమన్ను. నాగులచవితికి పాలుపోసి చెవులకు పెట్టుకునే మన్ను కాబట్టి అది మంచిదే అయుండాలని మనకో నమ్మకం. ఇసుకనేలలో నాలుగు గంపలు చల్లితే మంచిదే, ఎందుకంటే ఆ నేలకు బంకతనం కావాలి. చెదలు కింది నుంచి బంకమన్ను తెచ్చి ఉమ్మితో అతికించి కట్టిన గోడ అది, వానకే అంత సులువుగా కరగదు. దాన్ని నాలుగంగుళాల డబ్బాలో నింపి తడిపి మన ఎండలో పెడితే ఇటుక తయారవుతుంది, నారు కాదు. ఎర్రమట్టి ఒక్కటే వాడినా కొంచెం ఇదే కథ. మొదటి ఏడాది నేను ఎర్రమట్టిలోనే మిరప గింజలు వేశా, పన్నెండో రోజుకీ ఏమీ రాకపోతే పైన కట్టిన పెచ్చును సూదితో లేపి చూశా. కింద మొలక గాలంలా వంగి, తల పైకెత్తలేక, తెల్లగా పాలిపోయి పడుంది. గింజ తప్పేం లేదు, పైకప్పు బరువైపోయింది అంతే.

పచ్చిపేడ మాట మరీ దారుణం. పెసలు మొలకెత్తడానికి తడిగుడ్డలో మూటకడతాం కదా, అందులో ఏ ఎరువు వేస్తున్నాం? మొలకకు కావలసిన తిండి గింజలోనే ఉంటుంది. అసలు ఆకులు, అంటే బద్దాకుల తర్వాత వచ్చే జత, కనిపించేదాకా దానికి బయటి ఎరువు అక్కర్లేదు. దానికి కావలసింది తడి, గాలి, వెచ్చదనం. పచ్చిపేడ కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది, అమ్మోనియా వస్తుంది, ఉన్న గాలిని సూక్ష్మజీవులే పీల్చేస్తాయి. గడ్డి గింజలు, పేడపురుగులు వేరే. బాగా మాగిన పేడ వేరే సంగతి, చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాదు, తొలకరి మట్టి వాసన వస్తుంది.

తడి ఎక్కువై గాలి ఆడకపోతే వచ్చేది నారుకుళ్లు. సాయంత్రం నిటారుగా ఉన్న మొలకలు పొద్దునకల్లా పడిపోయుంటాయి. పట్టుకుని చూస్తే కాడ మట్టి దగ్గర నీరుపట్టి దారంలా సన్నబడి ఉంటుంది. మట్టిలోని పైథియం లాంటి సూక్ష్మజీవుల పని అది. కార్తీకం ముసురులో ఈ తెగులుకు ఒక ట్రే నారు మొత్తం పోగొట్టుకున్నవాడిని.

కాఫీ పిప్పి: మన ఇళ్లలో ఫిల్టర్ నిండా రోజూ మిగులుతుంది, పారేయబుద్ధి కాదు, ఒప్పుకుంటా. కానీ కెఫీన్ మొలకను అణుస్తుంది, పైగా తడిమీద బూజు పడుతుంది. కంపోస్టు డబ్బాలో వేసుకోండి. గుడ్డు పెంకులు కరగడానికి నెలలు పడుతుంది, నారు వయసు నాలుగైదు వారాలు. హాని లేదు, పనీ లేదు.

గులకరాళ్ల సంగతి మాత్రం చదువుకున్నవాళ్లూ నమ్ముతారు. ఒక పని చేయండి. గిన్నెలు తోమే స్పాంజిని బాగా తడిపి అడ్డంగా పట్టుకోండి, నీళ్లు కారడం ఆగాక దాన్ని నిలువుగా తిప్పండి. ఇంకో నాలుగు చుక్కలు కారతాయి. అంటే ఎత్తు పెరిగేకొద్దీ నీరు బాగా దిగుతుంది. సన్నని మట్టి తాను పూర్తిగా నానేదాకా కింది రాళ్లలోకి నీటిని వదలదు, కాబట్టి రాళ్లు వేస్తే ఆ బురద పొర ఇంకా పైకి, వేళ్ల దగ్గరికే జరుగుతుంది. డబ్బాకు చిల్లులు పెట్టండి, చాలు.

రెండంగుళాల లోతా? గింజ మందానికి రెండింతలు కప్పితే చాలు. టమాటా, వంగ, మిరపలకు పావంగుళం, సొర, కాకరలకు అంగుళం లోపే. మూడు రోజులంటే ముల్లంగి, అలసంద వస్తాయేమో. టమాటాకు అయిదు నుంచి ఎనిమిది రోజులు, మిరపకు ఎనిమిది నుంచి పన్నెండు, చలిలో ఇంకా ఆలస్యం.

ఇక కోకోపీట్ మోసమట, నర్సరీ రహస్యమట. మదనపల్లె, పలమనేరు వైపు ఏ టమాటా నర్సరీకైనా వెళ్లండి, 98 గుంతల ట్రేలలో కోకోపీట్ నింపేది కళ్లముందే కనిపిస్తుంది. నిజంగా చూసుకోవాల్సింది ఉప్పు. కడగని కోకోపీట్ ఇటుకలు అమ్ముతారు, నేనూ ఒకసారి అలాంటిది కొని ఆకు కొనలు మాడి తెలుసుకున్నా. మూడుసార్లు నీళ్లు మార్చి పిండితే సరిపోతుంది.

నా కొలత: కడిగిన కోకోపీట్ రెండు మగ్గులు, జల్లించిన వర్మీకంపోస్టు ఒక మగ్గు, గరుకు ఇసుక గానీ కాల్చిన వరి ఊక గానీ అర మగ్గు. వర్మీకంపోస్టులో వారం ముందే ఒక చెంచా ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మేలుచేసే శిలీంధ్రం పొడి) కలిపి నీడలో తడిగా ఉంచుతా. కలిపాక పిడికిలి బిగిస్తే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కాదు. ఎర్రమట్టి వాడక తప్పదంటే మే నెల గంగ జాతర రోజుల ఎండకు తడిపి, పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి, రోగాలు చాలావరకు పోతాయి.

పెద్దమ్మతో ఇదంతా చెబితే "తెలిసినోళ్లే రాసుంటారు లేరా" అంది. సరేనని రెండు పేపరు గ్లాసులు తెచ్చి, ఒకదాంట్లో ఆవిడ మిశ్రమం, ఒకదాంట్లో నాది, అయిదేసి టమాటా గింజలు వేశాం. ఇవాళ ఏడో రోజు. నాదాంట్లో నాలుగు లేచాయి. ఆవిడ గ్లాసు మొన్ననే పెచ్చు కట్టింది, రోజూ స్పూను కాడతో గుచ్చి చూస్తోంది.